ముంపు పటాన్ని కొలిచే కొలబద్ద

నది పొంగితే నీళ్ళు ఏ వీధి దాకా వస్తాయో ముందే గీసి చూపించే పటం ఒకటి ఉందనుకుందాం. వరద వచ్చింది, తగ్గింది. ఉపగ్రహ చిత్రం చూసి, నిజంగా మునిగిన మేరను మరో పటంగా గీశారు. ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి పోల్చే సాఫ్ట్‌వేర్ ఆ అంచనాకు నూటికి 60 మార్కులు వేసింది. కొన్నాళ్ళకు అదే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. అవే రెండు పటాలు మళ్ళీ ఇస్తే ఈసారి 43 మార్కులే వచ్చాయి. పటాల్లో ఒక్క గడి కూడా మారలేదు.

సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. పాత వెర్షన్ ఉదారంగా వేసిన మార్కుల్ని కొత్త వెర్షన్ సరిదిద్ది ఉండొచ్చు. వరద పటాల నాణ్యతను కొలిచే ప్యాకేజీల్ని అప్‌డేట్ చేసేవాళ్ళకు పెద్ద చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక పటానికి ఎన్ని మార్కులు వస్తాయన్నది పటం మీద ఎంత ఆధారపడుతుందో, కొలిచే నియమాల మీదా అంతే ఆధారపడుతుంది. కొలబద్దలో ఒక్క నియమం మార్చినా పాత మార్కునూ కొత్త మార్కునూ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. అలాగని తప్పుడు నియమాన్ని అలాగే ఉంచెయ్యనూ లేరు.

ఈ పని ఇప్పుడు ముమ్మరంగా సాగుతున్నది అమెరికాలో. అక్కడి వాతావరణ, సముద్ర సంస్థ నోవాకు అలబామా రాష్ట్రంలోని టస్కలూసాలో, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే, జాతీయ జల కేంద్రం ఉంది. 2016 ఆగస్టు నుంచి నడుస్తున్న నేషనల్ వాటర్ మోడల్ దేశంలోని వాగుల్నీ నదుల్నీ దాదాపు 27 లక్షల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో ఎంత నీరు పారబోతోందో అంచనా వేస్తుంది. కానీ ఇన్ని వేల క్యూసెక్కులు వస్తున్నాయని చెబితే నది ఒడ్డున ఇల్లున్న మనిషికి ఏం అర్థమవుతుంది? తన గుమ్మం దాకా నీళ్ళొస్తాయా రావా అన్నది కావాలి. అందుకని ప్రవాహాన్ని ముంపుగా మార్చాలి.

దానికి వాళ్ళు వాడే పద్ధతి పేరు హ్యాండ్. బ్రెజిల్ శాస్త్రవేత్తలు అమెజాన్ అడవుల్లో ఏ నేల చిత్తడిగా ఉంటుంది, ఏది ఎండి ఉంటుంది అని విడదీయడానికి కనిపెట్టి 2008లో ప్రచురించిన ఆలోచన ఇది. నేలను గళ్ళుగా విడగొడతారు. ఒక గడి మీద పడ్డ వాన ఏ దారిన పారి ఏ వాగులో కలుస్తుందో చూస్తారు. ఆ కలిసే చోటి కంటే ఈ గడి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో రాసిపెడతారు. అంతే. రేపు వాగులో నీరు 3 మీటర్ల మట్టానికి వస్తుందంటే, 3 మీటర్ల కంటే తక్కువ ఎత్తు రాసి ఉన్న గళ్ళన్నీ మునిగినట్టు లెక్క. నీటి వేగం, ఒరిపిడి, సుడులు వగైరా సమీకరణాల్ని ప్రతి గడిలోనూ విప్పే పని ఉండదు కనుక అంత పెద్ద దేశానికీ త్వరగా పటం తయారవుతుంది. 2023 సెప్టెంబరులో ఈ పటాల సేవ మొదలైనప్పుడు అది దేశ జనాభాలో 10 శాతం మంది ఉన్న ప్రాంతాలకే అందింది. తర్వాత విడతలవారీగా పెంచుకుంటూ వచ్చారు.

ఇంత సులువైన పద్ధతి ఎంతవరకు నమ్మదగ్గది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే కొలిచే ప్యాకేజీలు పుట్టాయి. నోవా వాళ్ళు రాసినదాని పేరు జీవాల్. అలబామా విశ్వవిద్యాలయ పరిశోధకులు రాసినదాని పేరు ఫిమ్‌ఎవాల్. రెండూ పైథాన్ భాషలో రాసినవి, రెండూ ఎవరైనా తెరిచి చూసుకోగలిగినవి. ఎవరైనా చూడొచ్చు అన్నది ఇక్కడ చాలా ముఖ్యమైన విషయం. మార్కులు వేసేవాళ్ళ లెక్క దాపరికంగా ఉంటే ఆ మార్కుల్ని నమ్మడానికి ఆధారమేదీ మిగలదు.

లెక్క ఎలా సాగుతుందో చిన్న ఉదాహరణతో చూద్దాం. నోవా హ్యాండ్ పటాల్లో గడి పక్క 10 మీటర్లు. ఒక చదరపు కిలోమీటరు నేల తీసుకుంటే అడ్డంగా 100, నిలువుగా 100, మొత్తం 10,000 గళ్ళు. ప్రతి గడి గురించీ రెండు పటాలూ ఏదో ఒకటి చెబుతాయి: తడి, లేదా పొడి. రెండూ తడి అంటే అది దొరికిన ముంపు. నిజంగా మునిగినా అంచనా పొడి అంటే తప్పిపోయిన ముంపు. అంచనా తడి అన్నా నీళ్ళు రాకపోతే లేని ముంపు. రెండూ పొడి అంటే సరైన పొడి. మన ఉదాహరణలో దొరికినవి 600, తప్పిపోయినవి 200, లేనివి 200, మిగిలిన 9,000 సరైన పొడి అనుకుందాం.

మొత్తం గళ్ళలో ఎన్ని సరిపోయాయి అని అడిగితే 9,600. అంటే 96 శాతం! చూడటానికి ఘనంగా ఉంది గానీ ఈ అంకెలో సింహభాగం ఎండి ఉన్న నేలది. అసలు ముంపే రాదని ఖాళీ పటం గీసి ఇచ్చినా 92 శాతం వచ్చేది.

ఈ మోసం కొత్తది కాదు. 1884లో అమెరికా సైన్యంలో సార్జెంటుగా ఉన్న జాన్ ఫిన్లీ సుడిగాలుల గురించి ముందస్తు అంచనాలు ప్రకటించాడు. మొత్తం 2,803 అంచనాల్లో సుడిగాలి వస్తుందని చెప్పి వచ్చినవి 28, చెప్పినా రానివి 72, చెప్పకుండా వచ్చినవి 23. మిగిలిన 2,680 సార్లు రాదన్నాడు, రాలేదు. అన్నీ కలిపితే 96.6 శాతం ఒప్పు. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూవిజ్ఞాని అదే ఏడాది దీన్ని పరిశీలించి, ప్రతిసారీ సుడిగాలి రాదు అంటూ కూర్చున్నా 98.2 శాతం ఒప్పవుతుందని చూపించాడు. దానికి విరుగుడుగా, సరైన రాదుల్ని లెక్కలోంచి తీసేసి 28ని 123తో భాగించమన్నాడు. వచ్చేది 23 శాతం లోపే. 1901లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త పాల్ జకార్డ్ రెండు కొండ ప్రాంతాల్లో పెరిగే మొక్కల్లో పోలిక ఎంత అని లెక్కవేయడానికి విడిగా ఇదే సూత్రానికి వచ్చాడు. వరద పటాలవాళ్ళు ఇవాళ దీన్ని క్రిటికల్ సక్సెస్ ఇండెక్స్, పొట్టిగా సీఎస్ఐ అంటారు. మన ఉదాహరణలో 600ని 1,000తో భాగిస్తే 60 శాతం. మొదట చెప్పిన 60 మార్కులు ఇవే.

ఇక 43 ఎలా వచ్చిందో చూద్దాం. ఆ చదరపు కిలోమీటరు మధ్యలోంచి 30 మీటర్ల వెడల్పున ఒక ఏరు పారుతోంది. వెడల్పులో 3 గళ్ళు, పొడవునా 100 గళ్ళు. మొత్తం 300 గళ్ళు ఏడాది పొడవునా తడిగానే ఉంటాయి. ఏటిలో నీళ్ళున్నాయని చెప్పినందుకు అంచనా పటానికి 300 గళ్ళ మార్కులు ఎందుకివ్వాలి? అక్కడ వరదను ఊహించినదేమీ లేదు. ఆ గళ్ళను పక్కన పెడితే దొరికిన ముంపు 300కి తగ్గుతుంది. తప్పులు మాత్రం అలాగే ఉంటాయి: 200, 200. ఇప్పుడు 300ని 700తో భాగించాలి. 43 శాతం. ఫిమ్‌ఎవాల్ ఈ శాశ్వత జలాల్ని తీసేశాకే లెక్క మొదలుపెడుతుంది. నా ఉద్దేశంలో ఇదే న్యాయం. పెద్ద నది పక్కన చిన్న వరద వస్తే, నది వెడల్పే మార్కులన్నీ తెచ్చిపెడుతుంది. అలాంటి చోట 80 మార్కులు వచ్చిన పటం ఒడ్డు దాటిన నీటి సంగతి ఏమీ చెప్పకపోయి ఉండొచ్చు.

అయితే ఈ ఒక్క నియమం చేర్చగానే ఆ ప్యాకేజీతో అంతకుముందు వేసిన మార్కులన్నీ పాతబడిపోతాయి. పోయినేటి పరిశోధన పత్రంలో 60 అని అచ్చయి ఉంటుంది, ఈ ఏడు అంచనా వేసే నమూనాను మెరుగుపరచి కొలిస్తే 50 వస్తుంది. చదివినవాళ్ళు నమూనా దిగజారిందనుకుంటారు. నిజానికి అది 43 నుంచి 50కి పెరిగి ఉండొచ్చు. అందుకే అప్‌డేట్ చేసిన రోజునే పాత పటాల జతలన్నిటినీ కొత్త నియమంతో మళ్ళీ నడిపి చూడాలి. వందల జతలున్నప్పుడు ఇది రోజుల పని, యంత్రాలకు బోలెడు శ్రమ, అయినా తప్పదు.

చట్రం సంగతి కూడా ఇలాంటిదే. రెండు పటాలు ఎప్పుడూ ఒకే మేరకు ఉండవు. ఉపగ్రహ చిత్రం ఒక చోట మొదలై మరోచోట తెగిపోతుంది, అంచనా పటం దాన్ని దాటి ఎక్కడికో పోతుంది. ఎంత మేర పోల్చాలి? రెంటిలో చిన్నదాని సరిహద్దా? నిజంగా మునిగిన ప్రాంతాన్ని చుట్టి బిగించిన గీతా? లేక కొలిచే మనిషి తానే గీసుకున్న హద్దా? ఫిమ్‌ఎవాల్ ఈ మూడు దారులూ ఇస్తుంది. మునిగిన ప్రాంతం చుట్టూ బిగుతుగా గీస్తే, దానికి అవతల అంచనా పటం చూపిన లేని ముంపు లెక్కలోకే రాదు, మార్కు పెరుగుతుంది. వదులుగా గీస్తే ప్రమాణ పటం, అంటే నిజంగా మునిగిన మేరను చూపే పటం, అసలు పరిశీలించని పక్క వాగులు కూడా లోపలికొచ్చి, అక్కడ చూపిన తడి అంతా తప్పు కింద పడుతుంది. ఏ హద్దుతో కొలిచారో రాయకుండా ఇచ్చిన మార్కును పట్టించుకోవాల్సిన పనిలేదని నేననుకుంటాను.

ఇవన్నీ ఆలోచించి తీసుకునే నిర్ణయాలు. ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకుండా, సరంజామా మారినందువల్ల మార్కు మారిపోవడం ఇంకా ప్రమాదం. ఏ ప్యాకేజీ అయినా మరికొన్ని ప్యాకేజీల మీద నిలబడి ఉంటుంది. పైథాన్‌లో అంకెల పట్టికలతో పనిచేసే దాదాపు ప్రతి ఒక్కరికీ ఆధారం నంపై. దాని 2.0 వెర్షన్ 2024 జూన్‌లో వచ్చింది. 2006 తర్వాత అంత పెద్ద మార్పు అదే. అందులో సంఖ్యల రకాల్ని కలిపే నియమాలు మారాయి. 8 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 255. పాత నంపైలో 8 బిట్ల విడి సంఖ్య 100కి మామూలు 200 కలిపితే, తనే పెద్ద పాత్రలోకి మార్చుకుని 300 ఇచ్చేది. 2.0 నుంచి 8 బిట్లలోనే ఉండిపోతుంది. 255 దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలై, 44 ఇస్తుంది. పక్కన ఒక హెచ్చరిక కనిపిస్తుంది, చదివేవాళ్ళుంటే.

వరద పటాలకు ఈ 8 బిట్ల హద్దు ఎలా తగులుతుందంటే, వీటిని సాధారణంగా 8 బిట్లలోనే దాస్తారు. పొడికి 0, తడికి 1, సమాచారం లేని గడికి తరచుగా 255. రెండు పటాల్ని పోల్చడానికి తేలిక దారి కూడిక. ప్రమాణ పటంలో తడికి 1, అంచనా పటంలో తడికి 2 పెట్టి కూడితే, వచ్చేది 0 అయితే సరైన పొడి, 1 తప్పిపోయినది, 2 లేనిది, 3 దొరికినది. ఒక గడి దగ్గర అంచనా పటంలో సమాచారం లేదు, 255 ఉంది. ప్రమాణ పటంలో తడి, 1 ఉంది. 8 బిట్లలో కూడితే 256 రాదు, 0 వస్తుంది. పట్టికల విషయంలో హెచ్చరిక కూడా రాదు. ఏమీ తెలియని చోటు, అదీ నిజంగా మునిగిన చోటు, సరైన పొడిగా నమోదైపోతుంది. ఇలాంటిది ఒక్కసారి చూస్తే చాలు, సమాచారం లేని గళ్ళను కూడికకు ముందే పక్కకు తీయాలన్న నియమం ఎందుకో అర్థమవుతుంది.

జీవాల్ రాసినవాళ్ళు ఈ కూడిక కంటే మంచి దారి ఎంచుకున్నారు. అనంత సమితుల గురించి ఆలోచించిన జర్మనీ గణితవేత్త జార్జ్ కాంటర్ పేరు మీద ఒక సూత్రం ఉంది. ఏ రెండు పూర్ణాంకాలు ఇచ్చినా, ఆ జతకు మాత్రమే చెందే ఒక సంఖ్యను అది ఇస్తుంది. రెంటినీ కూడి, ఆ మొత్తాన్ని దానికంటే ఒకటి ఎక్కువున్న సంఖ్యతో గుణించి, సగం చేసి, రెండో అంకె కలపాలి. పొడి, పొడి జతకు 0. తడి, పొడికి 1. పొడి, తడికి 2. తడి, తడికి 4. రెండు జతలకు ఒకే సంఖ్య రావడం జరగదు కనుక, తడి పొడి అనే రెండే రకాలు కాకుండా నేల వినియోగం లాంటి పది పన్నెండు రకాలున్న పటాల్ని కూడా ఇదే కోడ్‌తో పోల్చవచ్చు. వరద వచ్చిన ఊళ్ళో ఏ ఇల్లు మునిగిందో లెక్కపెట్టడానికి అనంతం గురించిన గణితం అక్కరకు రావడం నాకు ఎంతో నచ్చిన విషయం.

పటాల్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. ఒకదాని గడి 10 మీటర్లు, మరోదానిది 3 మీటర్లు. ఒకటి అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే రెండోది మీటర్లలో ఉంటుంది. ముందు రెంటినీ ఒకే గళ్ళలోకి తేవాలి. ఆ మార్చడంలో పక్క గళ్ళ సగటు తీసే పద్ధతి వాడితే తడికీ పొడికీ మధ్య 0.5 అనే అర్థంలేని రకం పుడుతుంది. దగ్గరి గడి విలువ తీసుకోవడమే ఇక్కడ పద్ధతి. డిగ్రీల్లో ఉన్న పటంలో ఇంకో లోపం ఉంది. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర గడి వెడల్పు భూమధ్యరేఖ దగ్గరి గడి వెడల్పులో 71 శాతమే. అందుకే గళ్ళు లెక్కపెట్టే ముందు వైశాల్యం చెడని పటరూపంలోకి మార్చుకుంటారు.

మార్కుల లెక్క ఎంత పకడ్బందీగా ఉన్నా ప్రమాణ పటమే తప్పయితే? ప్రవేశ పరీక్ష కీలో జవాబు తప్పు పడితే ఒప్పు రాసిన పిల్లవాడికే మార్కు పోతుంది. అదే పరిస్థితి. అమెరికాలో ప్రమాణంగా వాడేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, నదీ శాస్త్రవేత్తలు ఎక్కువ వివరంతో నడిపిన హెచ్ఈసీ-రాస్ లాంటి నమూనాల పటాలు. రెండోది, 2017 హార్వీ లాంటి తుపానులప్పుడు పైనుంచి తీసిన చిత్రాలు. రెండో రకంలో ఐరోపా వాళ్ళ సెంటినల్-1 ఉపగ్రహాల రాడార్ చిత్రాలకు ప్రత్యేక స్థానం ఉంది, ఎందుకంటే రాడార్‌కు మబ్బులూ చీకటీ అడ్డం కావు. నున్నటి నీటి మీద పడ్డ రాడార్ తరంగాలు అవతలి వైపుకి వెళ్ళిపోతాయి, ఉపగ్రహానికి తిరిగి రావు, అక్కడ నల్లగా కనిపిస్తుంది. పొలాల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఊళ్ళల్లో మాత్రం నీటి మీద పడ్డ తరంగం ఇంటి గోడకు తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. నల్లగా ఉండాల్సిన చోటు తెల్లగా వెలుగుతుంది. అంటే అసలు మనుషులున్న చోటే ముంపు ప్రమాణ పటంలోంచి తప్పిపోయే అవకాశం ఎక్కువ. అంచనా పటం ఆ వీధి మునుగుతుందని సరిగ్గానే చెప్పినా, లేని ముంపు చూపిందని మార్కు కోస్తారు.

దీనికి కాలం కూడా తోడవుతుంది. ఒక సెంటినల్-1 ఉపగ్రహం ఒకే చోటికి 12 రోజులకోసారి వస్తుంది. రెండు తిరుగుతుంటే 6 రోజులు. 2021 డిసెంబరులో ఒకటి చెడిపోయాక దాదాపు మూడేళ్ళు, 2024 డిసెంబరులో మరొకటి ఎగిరేదాకా, ఒక్కదాంతోనే నెట్టుకొచ్చారు. వరద పతాకస్థాయికి చేరిన గంటలో ఉపగ్రహం నెత్తిమీద ఉండటం అదృష్టం. కాబట్టి ప్యాకేజీలతో పాటు వాడే ప్రమాణ పటాల భండారంలో ప్రతి పటానికీ అది ఎప్పటిది, దేంతో తీసింది, ఎంత నమ్మదగ్గది అన్నది రాసిపెట్టడం అప్‌డేట్‌లో ఒక భాగమైంది. పైకి కనిపించని పని ఇది. నాకైతే కొత్త సూత్రాలు పది చేర్చడం కంటే ఇదే విలువైనదనిపిస్తుంది.

సీఎస్ఐకీ తనవైన వంకరలున్నాయి. నిజంగా మునిగినవి 100 గళ్ళనుకుందాం. ఒక పటం వాటన్నిటితో పాటు ఇంకో 20 అదనంగా చూపితే 100ని 120తో భాగించి 83 మార్కులు. మరో పటం 20 తక్కువ చూపితే 80 మార్కులు. తప్పు అంతే అయినా ఎక్కువ చూపినవాడికి కాస్త ఎక్కువ వస్తుంది. ఖాళీ చేయించే పనిలో ఈ మొగ్గు ఒకవిధంగా మేలే, కానీ ఉందని తెలిసి ఉండాలి. రెండోది పెద్ద వరదల పట్ల పక్షపాతం. నీళ్ళు 2 కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్నప్పుడు ఒక్కో అంచులో 50 మీటర్లు ఎక్కువ చూపినా 95 మార్కులొస్తాయి. 200 మీటర్ల వెడల్పు వరదలో అదే 50 మీటర్ల తప్పుకు 67. వాగు పక్క ఊరికి వేసిన పటానికీ పెద్ద నది పటానికీ మార్కులు పోల్చి ఇది మంచిది, అది చెడ్డది అనకూడదు. నేల వాలు కూడా ఇందులో కలుస్తుంది. మీటరు మట్టం తప్పితే, పదికి ఒకటి వాలున్న ఒడ్డున అంచు 10 మీటర్లు కదులుతుంది, వెయ్యికి ఒకటి వాలున్న డెల్టాలో కిలోమీటరు కదులుతుంది.

సగటు తీసేటప్పుడు మరో తికమక. ఒక పెద్ద పరివాహక ప్రాంతంలో దొరికినవి 900, తప్పులు 100. మార్కు 90. చిన్నదాంట్లో దొరికినవి 10, తప్పులు 90. మార్కు 10. రెంటి సగటు 50. గళ్ళన్నీ కలిపి ఒకేసారి లెక్కవేస్తే 910ని 1,100తో భాగించి 83. రెండూ లెక్క ప్రకారం ఒప్పే. రెండు పటాల్లోనూ అసలు ముంపే లేని చోట అయితే సున్నాను సున్నాతో భాగించాలి. అక్కడ ప్యాకేజీ 0 రాస్తే, ముంపు రాదని సరిగ్గా చెప్పిన పటాన్ని శిక్షించినట్టు. 100 రాస్తే సగటు ఊరికే ఉబ్బుతుంది. ఖాళీగా వదిలేయడమే మంచిది. వెర్షన్ మారినప్పుడు ఈ ఒక్క అలవాటు మారినా రాష్ట్రం మొత్తానికి వచ్చే సగటు కదిలిపోతుంది.

ఇంత గొడవ ఎందుకంటే, నిక్కచ్చిగా కొలిస్తేనే పటంలో జబ్బు ఎక్కడుందో కనిపిస్తుంది కనుక. హ్యాండ్ పద్ధతిలో ప్రతి గడీ ఒకే ఒక్క వాగుకు చెందుతుంది. పెద్ద నది పొంగి, తనలో కలిసే చిన్న వాగు లోయలోకి ఎదురెక్కినప్పుడు, ఆ లోయ గళ్ళు మాత్రం చిన్న వాగు మట్టాన్నే చూస్తుంటాయి. అందులో నీళ్ళు లేవు గనక పొడి అంటాయి. సంగమాల దగ్గర తప్పిపోయిన ముంపు పోగుపడటానికి ఒక కారణం ఇదే. తర్వాత నోవా వాళ్ళు నదిని మొదటి నుంచి చివరి దాకా ఒక ప్రధాన దారిగా తీసుకుని, ఒక్కో దారికి విడిగా హ్యాండ్ లెక్క వేసి, అన్నిటినీ కలిపే పద్ధతి తెచ్చారు. సంగమం దగ్గరి గడి ఇప్పుడు రెండు నదుల్నీ చూస్తుంది, ఏది ముంచినా తడే. ప్రమాణ పటాలతో పోల్చినప్పుడు మార్కులు పెరిగాయి. ఒకే కొలబద్దతో పాతదాన్నీ కొత్తదాన్నీ కొలవబట్టే ఆ పెరుగుదలను నమ్మగలిగారు.

అయినా గడి లెక్కకు ఒక హద్దుంది. మన ఉదాహరణలోని 200 తప్పిపోయిన గళ్ళు కలిపితే రెండు హెక్టార్లు, అంటే దాదాపు ఐదెకరాలు. ఆ ఐదెకరాలు బీడు భూమి అయినా సీఎస్ఐ అంతే, వంద ఇళ్ళున్న కాలనీ అయినా అంతే. ఫిమ్‌ఎవాల్‌లో చేర్చిన భవనాల పోలిక దీన్ని సరిదిద్దే ప్రయత్నం. గళ్ళ బదులు ఇళ్ళను లెక్కపెడుతుంది. నిజంగా మునిగిన ఇళ్ళెన్ని, వాటిలో పటం చెప్పినవెన్ని, చెప్పకుండా వదిలేసినవెన్ని. ఇళ్ళ సరిహద్దులు ఎక్కడి నుంచి వస్తాయంటే, మైక్రోసాఫ్ట్ సంస్థ ఆకాశ చిత్రాల నుంచి కంప్యూటర్‌తో గీయించి అందరికీ ఇచ్చిన పటాలు ఉన్నాయి. అమెరికాలోనే 12 కోట్లకు పైగా భవనాలు వాటిలో ఉన్నాయి. వరద పటాలు ఎవరి కోసం గీస్తున్నామో గుర్తుంచుకుని చేసిన అప్‌డేట్ ఇది. గళ్ళలో 70 వచ్చిన పటానికి ఇళ్ళలో 40 వస్తే, పడవలు పంపే అధికారికి పనికొచ్చేది ఆ 40.

ఇలాంటి మార్పులు చేసేటప్పుడు పాతది చెడకుండా కాపాడేవి చిన్న చిన్న పరీక్షలు. నాలుగు గళ్ళ పటం, తొమ్మిది గళ్ళ పటం లాంటివి తయారుచేసి, జవాబు చేత్తో లెక్కవేసి కోడ్ పక్కనే ఉంచుతారు. ఒకటి అంతా తడి. ఒకటి అంతా పొడి. ఒకదాంట్లో మూలన సమాచారం లేని గడి. కోడ్‌లో ఎవరు ఏ వాక్యం మార్చినా ఈ పరీక్షలన్నీ యంత్రం తనంతట తానే నడుపుతుంది. పైన చెప్పిన 255, 1 జత కోసం ఒక గడి పరీక్ష రాసి ఉంచితే ఆ దోషం ఏ వెర్షన్‌లోనూ తిరిగి దూరదు. ఇక వెర్షన్ సంఖ్యలో మూడు అంకెలుంటాయి. వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం చిన్న దోషం దిద్దితే చివరిది పెరుగుతుంది, పాతవాటికి అడ్డురాకుండా కొత్త సౌకర్యం చేర్చితే మధ్యది, పాత కోడ్ నడవకుండా పోయే మార్పయితే మొదటిది. కొలిచే ప్యాకేజీల విషయంలో ఈ నియమం చాలదు. పాత కోడ్ చక్కగా నడుస్తూనే వేరే మార్కు ఇచ్చే మార్పును కూడా మొదటి అంకె మార్పుగానే ఎంచాలి. కోడ్ ఆగిపోతే ఎవరైనా చూస్తారు, మార్కు చడీచప్పుడు లేకుండా మారితే ఎవరికీ తెలీదు.

మన దగ్గర పెద్ద వరదలు వచ్చినప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి ముంపు పటాలు తయారుచేసే జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 కూడా సెంటినల్-1 లాగే సీ-బ్యాండ్ రాడార్ ఉపగ్రహం. అదే ఏడాది జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బుడమేరు వాగు గండ్లతో అక్కడి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. ఈ రెండు ముంపుల్నీ ఒకే కొలబద్దతో కొలవడం ఎంత కష్టమో ఇప్పుడు ఊహించవచ్చు. గోదావరి గట్టు దాటి పొలాల మీద పరుచుకున్న నీరు రాడార్‌కు నల్లగా దొరుకుతుంది, నది వెడల్పే కిలోమీటరు ఉన్న చోట శాశ్వత జలాన్ని తీయకపోతే ఏ అంచనా అయినా గొప్పగా కనిపిస్తుంది. సింగ్ నగర్‌లో తీయాల్సిన నది లేదు, ఇరుకు వీధుల్లో గోడలకు తగిలి రాడార్ తప్పు చెబుతుంది. అక్కడ ప్రమాణ పటం కావాలంటే డ్రోన్ చిత్రాలూ, గోడల మీద నీటి చారల కొలతలూ, ఏ ఇంట్లోకి ఎంత లోతు వచ్చిందని ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలూ కలిపి తయారుచేయాలి. జీవాల్, ఫిమ్‌ఎవాల్ రెండూ ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. వాటికి ఇవ్వాల్సిన ప్రమాణ పటాన్ని మాత్రం నీళ్ళు తీసిన వారం లోపల, గోడలు కడిగెయ్యకముందే, ఇక్కడివాళ్ళే తయారు చేసుకోవాలి.